అద్దం లోపలి మంచు

తొకాచి
నవంబరు 14, 1998

సుమియేకు,

నిన్న నీ ఇంటి గొట్టాల్లో నీళ్ళన్నీ దింపేశాను. కిందటేడు ఆలస్యం చేసి, నీళ్ళు గడ్డకట్టి వంటింటి కుళాయి పగలగొట్టుకున్నాం కదా, ఈసారి చలి ముదరకముందే చేశాను. పైకప్పు రేకు ఒకటి లేచి ఉంటే మేకు కొట్టాను. మిగతాదంతా నువ్వు తాళం వేసిన నాటి లాగే ఉంది. బీట్ మొత్తం చక్కెర ఫ్యాక్టరీకి వెళ్ళిపోయింది. దిగుబడి ఫర్వాలేదు.

ఫోనులో నాకు మాట రాదని నీకు తెలుసు. అందుకే రాస్తున్నాను. విషయం ట్రాక్టరు.

బంగాళాదుంపలు తవ్వే రోజుల్లోనే నల్లపొగ మొదలైంది. క్లచ్ పట్టడం లేదు. వెనక బరువు ఎత్తే చేతులు లేచినట్టే లేచి మెల్లగా దిగిపోతున్నాయి. మెకానిక్ ఇగరాషి వచ్చి చూశాడు. ఇరవై నాలుగేళ్ళ బండి, చేసినవాళ్ళ దగ్గరే సామాను దొరకదన్నాడు. ఎక్కడైనా ఇలాంటి బండిని విప్పి పడేస్తే దాని ఒంట్లోవి తెచ్చి దీనికి వెయ్యాలట. "చేసిపెడతాను అన్నా, చెయ్యననను. ఈ పక్క కుడితే ఆ పక్క చిరుగుతుంది, తర్వాత నన్ను తిట్టకు" అన్నాడు. సహకార సంఘం వాళ్ళు కొత్త బండ్ల బొమ్మల పుస్తకం ఇచ్చి వెళ్ళారు.

జనవరి లోపు ఏదో ఒకటి తేలాలి. ఈసారి వానల్లో తవ్వడం వల్ల చాలా దుంపలు నేలలోనే ఉండిపోయాయి. జనవరిలో మంచు చీల్చి నేలను చలికి వదలకపోతే ఆ బికారి దుంపలు మంచు కిందే వెచ్చగా పడుకుంటాయి. వసంతంలో బీట్ మధ్య మొలుచుకొస్తాయి. వాటిని చేత్తో పీకే వయసు నాకు గానీ మీ హరుయో అక్కకు గానీ లేదు.

బండి తమ్ముడి పేరున కొన్నది. వాడు పోయాక అది నీది. నీ మాట లేకుండా నేను దాన్ని బాగు చేయించలేను, కాగితం మీద నీ ముద్ర లేకుండా ఇచ్చెయ్యనూ లేను. నన్నడిగితే మార్చేద్దామంటాను.

హరుయో ముల్లంగి ఊరవేసింది. డబ్బా విడిగా పంపుతున్నాం.

తెయిజో


కుషిరో
నవంబరు 25

బావగారికి,

ముల్లంగి అందింది. పక్క గది ఆవిడకు కాస్త ఇస్తే, మర్నాడు ఖాళీ గిన్నె పట్టుకుని మళ్ళీ వచ్చింది. అక్కతో చెప్పండి, సంతోషిస్తుంది. ఇక్కడ సాల్మన్ చేపలు కోసే పని అయిపోవచ్చింది. వచ్చే వారం నుంచి కాడ్ చేపలు. మా మేస్త్రమ్మ నాకంటే పన్నెండేళ్ళు చిన్నది, "సుమియే అమ్మమ్మా, కత్తి చూసుకో" అంటుంది. అమ్మమ్మనట.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. గొట్టాల గురించి అంత రాశారు, రేకు గురించి రాశారు. మార్చేద్దాం అన్న మాట మాత్రం ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆయన కోట్లు పంచిపెట్టేశాం. బూట్లు కాల్చేశాం. ఆ రోజు చివరిదాకా ఆయనతో ఉన్నది ఆ బండి ఒక్కటే. దాన్ని కూడా ముక్కలు చేసేవాళ్ళకు ఇచ్చేస్తారా? బాగు చేయించండి. ఖర్చులో నా వంతు పంపుతాను.

ఇంకొకటి అడుగుతాను, కోప్పడకండి. అంత్యక్రియలకు వచ్చిన వాళ్ళందరూ ఒకటే అన్నారు. ఇంజను నడుస్తూనే ఉందట, దీపాలు వెలుగుతూనే ఉన్నాయట, క్యాబిన్లో హీటరు వెచ్చగానే ఉందట. తుఫాను కమ్మితే బండి దిగకూడదని మన దగ్గర పుట్టిన ప్రతివాళ్ళకూ తెలుసు. గాలి తగ్గేదాకా కూర్చుంటే చాలు. మరి ఆయన ఎందుకు దిగారు? ముందు చూసింది మీరే. నేను అడగలేదు, మీరు చెప్పలేదు. అలాగే రెండో చలికాలం వచ్చేసింది. నాకు అది తెలియాలి. తెలియకుండా ఇక్కడ చేపలు కోస్తూ ఎన్నాళ్ళుంటానో నాకే తెలియడం లేదు.

సుమియే


తొకాచి
డిసెంబరు 8

సుమియేకు,

నీ ఉత్తరం హరుయో కూడా చదివింది. "బాగు చేయించుకుని ఏం చేస్తుందట? కుషిరో వెళ్ళి సముద్రం దున్నుతుందా?" అంది. దాని మాటలు నీకు కొత్త కాదు. రాసేసరికి నవ్వు వచ్చింది కనుక రాశాను. అయితే నాకూ ఒక ఆలోచన వచ్చింది. బాగు చేయించి ఎవరికైనా అమ్ముకోవాలనుకుంటే ఆ మాటే చెప్పు. అందులో నేను వాటా అడగను.

నువ్వు అడిగినదానికి. ఇంజను నడుస్తున్న మాట నిజం. తలుపు తీసి ఉంది. వాడు దూరపు చేను పక్క లార్చ్ చెట్ల వరస దగ్గర పడి ఉన్నాడు. అంతకంటే నాకు తెలియదు.

మార్చేద్దాం అనడానికి ఒక కారణం ఉంది. రాయకూడదనుకున్నాను. నేను నిన్ను మోసం చేస్తున్నానని నువ్వు అనుకుంటే ఇంకా చెడ్డగా ఉంటుంది గనుక రాస్తున్నాను.

రోజూ సాయంత్రం బండిని కాసేపు నడిపి ఆపుతాను, లేకపోతే బ్యాటరీ చచ్చిపోతుంది. పొద్దున షెడ్డు తలుపు తీస్తే క్యాబిన్ అద్దాలు తెల్లగా ఉంటున్నాయి. బయటి వైపు కాదు, లోపలి వైపు. పక్కనే నిలబెట్టిన లారీ అద్దం శుభ్రంగా ఉంటుంది. ట్రాక్టరు అద్దం ఒక్కటే, చలికాలంలో నలుగురు పడుకున్న గది కిటికీ ఎలా ఉంటుందో అలా ఉంటోంది. రాత్రంతా ఎవరో లోపల కూర్చుని ఊపిరి వదిలినట్టు.

ఇలాంటివి నమ్మే మనిషిని కాను. చూసింది రాశాను. మొదట్లో హరుయో చూడకుండా తుడిచేసేవాణ్ణి. ఒక రోజు నాకంటే ముందు అదే వెళ్ళింది. నేను వెళ్ళేసరికి క్యాబిన్ తలుపు తీసి పట్టుకుని గట్టిగా మాట్లాడుతోంది.

"మసువో, ఇక దిగవయ్యా! సూపు చల్లారిపోతోంది. మీ అన్న చూడు, నిన్ను చూసి భయపడి నిద్దరపోవడం లేదు. పెద్దవాణ్ణి అలా ఏడిపించొచ్చా?"

తర్వాత తలుపు మెల్లగా వేసి, "కాస్త కేకేస్తే దిగుతాడేమో అనుకున్నా. మొండి మనిషి" అంది.

ఆ క్యాబిన్‌లో కూర్చుని మంచు చీల్చమంటే నా వల్ల కాదు. అందుకే మార్చేద్దామన్నాను.

తెయిజో


కుషిరో
డిసెంబరు 15

బావగారికి,

మీ ఉత్తరం పని దగ్గర బట్టలు మార్చుకునే గదిలో చదివాను. చదివి అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. మేస్త్రమ్మ వచ్చి, "చెయ్యి తెగిందా?" అంది. లేదన్నాను. "మరి లే, కాడ్ చేపలు నీ కోసం ఆగుతాయా?" అంది. లేచాను.

ముందు ఒక మాట. అమ్ముకోవాలనుకుంటే చెప్పు అని రాశారు. ఇన్నేళ్ళు ఒకే బావి నీళ్ళు తాగాం, మీరు నన్ను అలా అనుకోగలరని నేను అనుకోలేదు. సరే, వదిలేయండి.

బండిని బాగు చేయించవద్దు. మార్చవద్దు. అలా ఉంచండి. అద్దం తుడవకండి. మీ చేత్తో తుడిచేశానని రాస్తే నాకు ఎలా ఉంటుందో ఆలోచించారా? దుంపల సంగతి నాకు తెలుసు. పక్క చేనువాళ్ళ బండి అడిగి తెచ్చుకోండి. ఈ ఒక్క ఏడూ వాళ్ళని అడగండి.

ఆ రోజు పొద్దున జరిగింది మీకు చెప్పలేదు. నేను ఆయనతో, ఇంకో చలికాలం ఇక్కడ నా వల్ల కాదు, మీరు రాకపోయినా నేను పోతానన్నాను. ఆయన గడప దగ్గర కూర్చుని బూట్లు వేసుకుంటున్నారు. మంచు తొందరగా కరగాలని దాని మీద మసి చల్లడానికి వెళ్ళాలి. "సరే" అన్నారు. మసి చల్లి వచ్చాక మాట్లాడుకుందాం అనలేదు. ఎందుకు పోతావు అనలేదు. సరే అని లేచారు.

లార్చ్ చెట్లు ఇంటి వైపు కావు కదా బావగారూ. చేను మధ్యలో బండి దిగిన మనిషి ఇంటికి రావాలనుకుంటే అటు ఎందుకు పోతారు? వెచ్చగా ఉన్న చోట నుంచి దిగి, ఇంటికి వీపు పెట్టి నడిచారంటే ఏమిటి అర్థం? నేను పోతానన్నాను గనక ఆయనే ముందు పోయారా? ఇదే నేను అడుగుతున్నది. లోపల కూర్చుని ఊపిరి వదులుతున్నది ఆయనే అయితే, దిగమని అక్కను కేకలెయ్యవద్దనండి. ఈసారైనా దిగకుండా కూర్చోనివ్వండి.

సుమియే


తొకాచి
డిసెంబరు 29

సుమియేకు,

కొత్త సంవత్సరానికి బియ్యపు మోచి దంచడం నిన్నటితో అయిపోయింది. హరుయో నీ వంతు పెట్టె కట్టింది. బూజు పట్టకముందే తిను.

నీ ఉత్తరం వచ్చేసరికి ఇగరాషి పని మొదలుపెట్టేశాడు. జనవరి దగ్గరపడుతోంది, నువ్వు మొదట బాగు చేయించమన్నావని నేనే పిలిచాను. నీ ఉత్తరం చదివాక ఆపొచ్చు. ఆపలేదు. అది నా నిర్ణయం.

ఏం జరిగిందో వరసగా రాస్తాను.

ఇగరాషి క్లచ్ చూడ్డానికి క్యాబిన్‌లో కాళ్ళ కింద పరిచిన రబ్బరు పట్టా లేపాడు. కింద తడిగా ఉంది. వేలితో తాకి వాసన చూశాడు. "రేడియేటర్ నీళ్ళు అన్నా, గడ్డకట్టకుండా పోసే మందు కలిసిన నీళ్ళు. ఇవి ఇక్కడికెలా వచ్చాయి?" అన్నాడు. ముందు పలక విప్పాడు. ఇంజను వేడి నీళ్ళు హీటరులోకి తెచ్చే గొట్టం ఒకటుంది. దాని మెడ దగ్గర వెంట్రుకంత చీలిక. అక్కడ చుట్టూ తెల్లటి పొర గట్టిపడి ఉంది. ఈ ఏడు వచ్చిన చీలిక కాదు, చాలా పాతదన్నాడు.

అద్దాల సంగతి అప్పుడు వాడికి చెప్పాను. హరుయో కేకలేసిన సంగతి చెప్పలేదు. వాడు నవ్వలేదు. "ఎక్కు అన్నా, చూద్దాం" అన్నాడు.

షెడ్డు తలుపులు తీసి బండిని ముంగిట్లోకి తెచ్చాం. బాగా చలిగా ఉంది. నేను సీట్లో కూర్చున్నాను, వాడు మెట్టు మీద. ఇంజను వేడెక్కాక హీటరు పెట్టాను. ముందు అద్దం అడుగు నుంచి తెలుపు పాకడం మొదలైంది. చేత్తో తుడిచాను. జిడ్డులాగా సాగి మళ్ళీ తెల్లబడింది. వెచ్చదనం పెంచితే పోతుందనుకుని పెంచాను. ఇంకా తొందరగా వచ్చింది. పక్క అద్దాలు, వెనక అద్దం అన్నీ అయిపోయాయి. నా ముంగిట్లో నేను కూర్చుని, నా ఇల్లు ఎటుందో తెలియలేదు. తుడుస్తూనే ఉన్నాను.

కాసేపటికి ఇగరాషి గొంతు వినిపించింది. "అన్నా, ఎటు వెళ్తున్నావు?"

నేను కింద నిలబడి ఉన్నాను. తలుపు తీసి ఉంది. ఎప్పుడు దిగానో నాకు తెలియదు. దిగాలని అనుకోలేదు. చూడాలనుకున్నాను, అంతే. ఏదైనా ఒకటి కనబడితే చాలుననిపించింది. అప్పటికే నాలుగడుగులు వేశాను. ఇంటి వైపు కాదు, రోడ్డు వైపు.

ఆ రోజు కూడా ఇదే జరిగిందని నేను చెప్పలేను. నేను అక్కడ లేను. నాకు జరిగింది రాశాను.

ఇగరాషి ఇంజను ఆపి, టోపీ తీసి, గొట్టం వైపు చూశాడు. "ఇది ముందు మార్చేస్తాను. క్లచ్ తర్వాత" అన్నాడు. ఊఁ అన్నాను.

తెయిజో


కుషిరో
జనవరి 6, 1999

బావగారికి,

కొత్త సంవత్సరం మూడు రోజులూ గదిలోనే ఉన్నాను. మోచి కాల్చుకు తిన్నాను. ఈ ఉత్తరం మొదలుపెట్టి చింపేశాను, మళ్ళీ రాస్తున్నాను.

ఆయన కోటు కుడి చెయ్యి.

చలికాలమంతా ఆయన కోటు కుడి చెయ్యి అంచు బిగుసుకుపోయి ఉండేది. ఎంత ఉతికినా జిగట వదిలేది కాదు. ఎండాక తెల్లటి మరక మిగిలేది. నేను దాన్ని చూసి ఏమనేదాన్నో తెలుసా? "చిన్నపిల్లాడిలా చేత్తో ముక్కు తుడుచుకుంటారేమిటి, జేబులో రుమాలు పెడితే మాత్రం తియ్యరు" అనేదాన్ని. ఆయన నవ్వేవారు. ఒక్కసారి కూడా, ముక్కు కాదే, అద్దం అనలేదు. నాకు చెబితే బండిలో చలికాలం కూర్చోవడం ఎంత కష్టమో తెలిసిపోతుంది, ఇంకా పోతాననేదాన్ని. అందుకే చెప్పలేదేమో. ఇది నేను అల్లుకుంటున్నదేమో కూడా తెలియదు. కానీ ఆ కోటు చెయ్యి మాత్రం నిజం. దాన్ని నా చేతులతో ఉతికాను.

ఆయన నన్ను వదిలి పోలేదు బావగారూ. చూడ్డానికి దిగారు. ఏదైనా కనబడుతుందేమోనని చెయ్యి ముందుకు చాపుకుని నడిచి ఉంటారు. ఇల్లు ఎటో తెలియలేదు, అంతే. ఈ మాట గట్టిగా పైకి అన్నాను. పక్క గది ఆవిడ గోడ తట్టి "ఎవరైనా వచ్చారా?" అని అడిగింది.

ఇప్పుడు మాత్రం ఆ బండి నాకు వద్దు. వెంట్రుకంత చీలిక. దాన్ని పెట్టుకుని ఇన్ని చలికాలాలు మా ఇంటి ముందు నిలబడింది. మీరన్నదే సరి, మార్చేయండి. కాగితం మీద ముద్ర వేసి పెట్టాను, ఇందులో ఉంది. అద్దాలు మబ్బు పట్టని కొత్తది కొనండి. మీరు దాంట్లో కూర్చుని హాయిగా మంచు చీల్చండి. మీరు దిగిన సంగతి చదివినప్పటి నుంచి నాకు అదే భయం.

మార్చిలో ఆయనకు రెండేళ్ళు నిండి చేసే మూడో ఏటి పూజకు వస్తాను. ఇంట్లోనే ఉంటాను, గొట్టాల్లో నీళ్ళు వదలండి.

సుమియే


తొకాచి
జనవరి 30

సుమియేకు,

నీ కాగితం వచ్చింది. సంఘానికి తీసుకెళ్దామనే కోటు జేబులో పెట్టుకున్నాను. కొత్త బండి రావాలంటే మార్చి అవుతుందన్నారు. అప్పటిదాకా చలి ఆగదు కదా. ఇగరాషి ఎక్కడో విప్పిన బండి నుంచి క్లచ్ తెచ్చి వేశాడు, గొట్టం కొత్తది వేశాడు. ఈ ఒక్క జనవరికి పాతదానితోనే చీల్చేద్దామనుకున్నాను.

గొట్టం మార్చాక అద్దాల మీద ఏమీ రావడం లేదు. రోజూ పొద్దున శుభ్రంగా ఉంటున్నాయి. హరుయో కూడా రోజూ వచ్చి చూస్తోంది. "ఇంత తేటగా ఉంటే చూడబుద్ధి కావడం లేదు" అంది ఒక రోజు. నాకూ అలాగే ఉంది. ఇన్నాళ్ళు దేనికి భయపడ్డానో అది లేకపోయేసరికి షెడ్డులోకి వెళ్ళడం ఇంకా కష్టంగా ఉంది.

దగ్గర చేలన్నీ చీల్చాను. దూరపు చేను చివరికి పెట్టుకున్నాను. లార్చ్ చెట్ల పక్కది. నిన్న దానికి వెళ్ళాను.

సగం చీల్చాక గాలి లేచింది. ఆకాశం నుంచి కాదు, నేల మీది మంచే లేచింది. ముందు చెట్ల వరస పోయింది. తర్వాత నేను చీల్చిన చాళ్ళు పోయాయి. తర్వాత బండి ముక్కు పోయింది. బండి ఆపాను, ఇంజను ఆపలేదు. అద్దాలు నాలుగూ శుభ్రంగా ఉన్నాయి, అయినా ఏమీ కనబడలేదు. హీటరు వెచ్చగా ఉంది. కూర్చున్నాను.

దిగాలనిపించింది. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ నువ్వు భయపడ్డావు గనక రాస్తున్నాను. చెయ్యి దానంతటదే తలుపు పిడి మీదికి వెళ్ళింది. తీసేశాను. మళ్ళీ వెళ్ళింది. చివరికి ఆ చేతిని తొడ కింద పెట్టుకుని, దాని మీద కూర్చున్నాను.

అలా కూర్చున్నప్పుడు నాకొకటి తెలిసింది. ఇన్నాళ్ళూ వాడు ఈ క్యాబిన్‌లో ఉన్నాడని భయపడ్డాను. లోపల ఉన్నది నేను. వాడు బయట ఉన్నాడు. తలుపు తీసి దిగినప్పటి నుంచి బయటే ఉన్నాడు.

హారన్ నొక్కాను. ఆపి విన్నాను. గాలి తప్ప ఏమీ లేదు. మళ్ళీ నొక్కాను. అలా ఎంతసేపో నొక్కాను. ఎవరైనా వచ్చి నన్ను తీసుకెళ్ళాలని కాదు. దీపాలన్నీ వేశాను, వెనక దీపం కూడా. ఇంజను వేగం పెంచాను, బాగా వినపడాలని.

తెల్లదనం తగ్గేసరికి చెట్లు అక్కడే ఉన్నాయి, చాలా దగ్గరగా. ఎవరూ లేరు. మిగిలిన సగం చీల్చి ఇంటికొచ్చాను.

హరుయో గడప దగ్గరే నిలబడి ఉంది. "ఎంతసేపు మోగిస్తారండీ? ముంగిట్లో దీపాలన్నీ వేసి పెట్టానుగా, నేను వినలేదనుకున్నారా?"

"నీ కోసం కాదు."

"తెలుసులెండి" అంది. కోటు మీది మంచు దులిపింది. "బూట్లు విప్పండి. అన్నం తిందురుగాని."

ఇవాళ పొద్దున సంఘానికి ఫోను చేసి కొత్తది వద్దన్నాను. ఇగరాషి తిట్టాడు. "ఇంకో రెండేళ్ళు లాగితే గొప్ప. తర్వాత ఏం చేస్తావు?" అన్నాడు. అది ఆగిన రోజు నేనూ ఆపేస్తానన్నాను. చేలు పక్కవాళ్ళకు కౌలుకిస్తాను. హరుయోతో మాట్లాడాను, సరేనంది.

నువ్వు ముద్ర వేసిన కాగితం ఇందులోనే వెనక్కి పంపుతున్నాను. బండిని చూడాలని లేకపోతే, మార్చిలో నువ్వు వచ్చినప్పుడు షెడ్డు తలుపు మూసి పెడతాను. నీ ఇంట్లో నీళ్ళు వదిలి పెడతాను. నువ్వు వద్దన్నదాన్ని ఉంచుకుంటున్నాను గనక కారణం చెప్పాలి. హరుయోకు కూడా ఈ మాట చెప్పలేదు.

కొత్త బండి చప్పుడు వాడికి తెలియదు.

తెయిజో